భారతరత్నము – మన కర్తవ్యము

(సికిందరాబాదునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో గావింపబడిన ఉపన్యాసము)

   

 విద్యయందును వయస్సునందును మాకంటె పెద్దలైనవారు ఈ వేదికపై పెక్కుమంది యుండగా మేము మాటలాడ సాహసించుట పెద్దల యాజ్ఞను కాదనలేకయే గాని వేరొండు గాదు. మా మాటలలో సారమున్నచో గ్రహింపుడు, లేనిచో మన్నింపుడు.

నేటి కార్యక్రమపత్రమును చూచినవారికి మే మీ విషయము నెత్తుకొనుటకు కారణము తెలియకపోదు. మధ్యాహ్నపు సమావేశమునకు రెండు తీర్మానములు రానున్నవి. స్వర్గస్థులైన మన కులపెద్ద లొకరికి భారతరత్న బిరుదము నొసంగవలసినదని కేంద్రప్రభుత్వమును ప్రార్థించుటకును, అందులకై ఢిల్లీకి ప్రతినిధివర్గమును పంపి ఊరూర సభలు జరుపుటకును సంఘనిధినుండి ద్రవ్యమును వినియోగింపవలెననునది మొదటిది. మూడేండ్లుగా గోడలు లేచి కప్పులేక నిలిచియున్న మన బాలికల వసతిగృహమును పూర్తిచేయవలెననునది రెండవది. తీర్మానములు రెండు, నిధి మాత్ర మొక్కటే. కావున ఆ భారతరత్న మేమి, అది యెవరికి లభించినది, ఎట్లు లభించినది, దానివిషయమున మనవంటి సంఘమునకు గల కర్తవ్య మేమి అను సంగతులను మీ ముందుంచుట యుక్తమని తలంచితిమి.

తీర్మానములో “బిరుదము” అని వ్రాయబడినది. ఆ మాటతోనే మొదలుపెట్టుదము.

బిరుదములు మనవారికి క్రొత్తవి గావు. ఆంగ్లేయులు రావుసాహెబు, రావుబహదూరు, దివానుబహదూరు మున్నగు బిరుదము లిచ్చిరి. ఈ నగరద్వయమున నిజాము ప్రభువులు జంగులను, దౌలాలను, రాజబహద్దరులను సృష్టించిరి. పాత సంఘసంచికలను తిరుగవేసిన, ప్రతి ఛాయాపటము క్రిందను పేరుకంటె బిరుదమే పొడవుగా కానవచ్చును. ఆ బిరుదములు ప్రభువు దయవలన వచ్చినవి. కొన్ని నిజముగా సేవకు లభించినవి, కొన్ని విధేయతకు లభించినవి. రవీంద్రనాథ ఠాకూరు 1919లో జలియనువాలాబాగు దారుణము విని తన సర్ బిరుదమును త్యజించెను. ప్రభువిచ్చినదానిని విడుచుటయే ఆనాడు గౌరవమయ్యెను.

దీనికి భిన్నముగా మన తెలుగువారు తమ పెద్దలకు తామే పేళ్లు పెట్టుకొనిరి. కొండా వెంకటప్పయ్యగారిని దేశభక్త యనిరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారిని దేశోద్ధారక యనిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారిని ఆంధ్రకేసరి యనిరి. వీనికి సనదు లేదు, పతకము లేదు, గెజెటు ప్రకటన లేదు. రావుబహదూరు లెందరో మరపునబడిరి. దేశోద్ధారకుని మనము మరువలేదు.

స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగము ఈ విషయమును తేల్చివేసెను. సైనికమైనదియు విద్యాసంబంధమైనదియు దక్క వేఱు బిరుదమును రాజ్య మెవ్వరికిని ఈయరాదని 18వ అధికరణము శాసించుచున్నది. అట్లయిన భారతరత్న మెట్లు నిలిచినదని కొందరు న్యాయస్థానముల కెక్కిరి. ఆ వ్యాజ్యములు నడచుచున్నందున 1992 మొదలు 1995 వఱకు ఈ పురస్కారములు నిలిచిపోయినవి. 1995 డిసెంబరు 15వ తేదీని సుప్రీముకోర్టు తీర్పుచెప్పుచు ఇవి బిరుదములు కావనియు, పురస్కారములు మాత్రమేననియు, వీనిని పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదనియు నిర్ణయించినది. కావున మన తీర్మానములోని ఆ మాట ముందుగా దిద్దవలసియున్నది. ఇది పేరునకు తగిలించెడి తోక కాదు. చేసిన పనికి దేశము చెప్పెడి నమస్కారము.

ఇక దాని చరిత్ర. ఈ పురస్కారము 1954 జనవరి 2వ తేదీని స్థాపింపబడినది. తొలుత 35 మిల్లీమీటర్ల వ్యాసముగల గుండ్రని బంగారుపతక మీయవలెనని తలంచిరి. మరుసటి యేడే ఆ రూపము మార్చి రావియాకును స్వీకరించిరి. ఇప్పటి పతకము కంచుతో చేయబడిన రావియాకు, పొడవు 5.8 సెంటీమీటర్లు, వెడల్పు 4.7 సెంటీమీటర్లు, మందము 3.1 మిల్లీమీటర్లు. దానిపై ప్లాటినముతో సూర్యబింబము, క్రింద దేవనాగరిలో భారతరత్న యను అక్షరములు. వెనుకప్రక్క సింహస్తంభమును, సత్యమేవ జయతే యను వాక్యమును. తెల్లని పట్టెతో కంఠమున ధరింపజేయుదురు. కలకత్తాలోని అలీపూరు టంకశాలలో ఇది తయారగును. దీనితోబాటు రాష్ట్రపతి సంతకముతో సనదు లభించును. ధన మేమియు లభింపదు.

మొదట కళలు, సాహిత్యము, విజ్ఞానశాస్త్రము, ఉన్నతమైన ప్రజాసేవ అను రంగములకే ఇది పరిమితమై యుండెను. 2011లో మానవప్రయత్నమునకు సంబంధించిన యే రంగమునకైనను ఈయవచ్చునని నిబంధన విస్తరింపబడినది. అందువలననే క్రికెట్టు క్రీడాకారుడైన సచిన్ తెండూల్కరునకు 2014లో ఇది లభించినది. 1954 నాటి నిబంధనలలో నొకటి మనము ముఖ్యముగా గమనింపదగినది: జాతి, వృత్తి, హోదా, లింగభేదములను పాటింపక యెవ్వరైనను దీనికి అర్హులే. కులసంఘమున గూర్చున్న మనము ఈ వాక్యమును ఒకటికి రెండుసార్లు చదువుకొనవలయును.

దీనికి పేర్లను సూచించువా రెవ్వరు? ప్రధానమంత్రి సిఫారసు చేయును, రాష్ట్రపతి ప్రదానము చేయును. అంతే. దరఖాస్తు ఫారము లేదు, గడువుతేదీ లేదు, కమిటీ ముందు హాజరగుట లేదు. సాధారణముగా ఏటికి ముగ్గురికి మించి ఈయరాదని నియమము. 1999లో నలుగురికి, 2024లో ఐదుగురికి ఇచ్చిరి. 2024 నాటికి ఈ పురస్కారము నందినవారు 53 మంది. 1977లో ఒక ప్రభుత్వము దీనిని రద్దుచేయగా 1980లో మరల నెలకొల్పబడినది. 1992లో సుభాసుచంద్రబోసునకు ప్రకటింపగా ఆయన కుటుంబమువా రంగీకరింపలేదు. ఆ ప్రకటన చివరకు నిలువలేదు. దీనివలన తెలియున దేమన, ఈ పతకము ఎంత గొప్పదైనను కొందరి మహిమ దానికి అందదు.

ఇప్పుడు ఆ 53 మందిలో మనకు, మన భాషకు, మన నగరములకు సన్నిహితులైన కొందరిని స్మరింతము. కులమును లెక్కపెట్టక, వారు చేసిన పనిని మాత్రము చూతము.

1954లో మొట్టమొదట ఈ గౌరవ మందిన ముగ్గురిలో నొకరు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు. ఇంటిపేరు నెల్లూరు మండలములోని సర్వేపల్లినుండి వచ్చినది. జననము 1888లో తిరుత్తణియందు. 1931 నుండి 1936 వఱకు ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులై యుండిరి. ఆయనతోబాటు ఆ యేడే గౌరవ మందిన చంద్రశేఖర వేంకటరామనుగారు తమిళులే యైనను బాల్యమున విశాఖపట్టణముననే చదువుకొనిరి. ఆయన తండ్రి యచ్చట కళాశాలోపాధ్యాయుడు.

1955లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి కిది లభించినది. వారి పూర్వులు మోక్షగుండము గ్రామమునుండి మైసూరు సీమకు తరలినవారు. ఈ మహనీయుని ఋణము నగరద్వయమువారు తీర్చుకొనగలది గాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివైచెను. వేలాది జనులు నీటిపాలైరి. అప్పుడు బొంబాయి ప్రభుత్వోద్యోగమునుండి విరమించి విదేశములలో పర్యటించుచున్న విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వము పిలిపించినది. ఆయన 1909లో వచ్చి నదిని, దాని ఉపనదియైన ఈసీని, పైనున్న చెరువులను పరీక్షించి, వరదను నగరములో నాపబూనుట వ్యర్థమనియు, ఎగువననే జలాశయములు కట్టి నిలుపవలెననియు సూచించిరి. ఆ సూచనల ననుసరించియే మూసీపై ఉస్మానుసాగరమును, ఈసీపై హిమాయతుసాగరమును నిర్మింపబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వరదను ఆపిన ఆ నీరే త్రాగునీరైనది. ఆయన కీ పతకము వచ్చునప్పటికి ఆ జలాశయములు కొన్నితరములవారి దాహము తీర్చుచునే యున్నవి.

1963లో ఈ గౌరవమందిన జాకిరుహుసేనుగారు 1897లో మన హైదరాబాదునందే జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. జర్మనీలో చదివి పండితపట్టము నొంది తిరిగివచ్చి, ఎక్కడ వేయిరూపాయల యుద్యోగ మన్న వెదకక, ధనములేక మూతబడ సిద్ధమైన జామియా మిలియా విద్యాలయభారమును 1926లో వహించిరి. ఆయనయు, సహోపాధ్యాయులును నెలకు 150 రూపాయలకు మించని జీతముతో ఇరువదియేండ్లు ఆ విద్యాలయమును సేవింతుమని ప్రతిన పూనిరి. 1967లో రాష్ట్రపతియైరి, 1969లో ఆ పదవియందుండగనే పరమపదించిరి.

1975లో ఈ గౌరవ మందిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో బరంపురమున తెలుగుకుటుంబమున జన్మించినవారు. సికిందరాబాదు రైల్వేవారి నగరము. 1966 అక్టోబరు 2వ తేదీనుండి దక్షిణమధ్య రైల్వే ప్రధానకార్యాలయము ఇచ్చటనే యున్నది. మన సంఘసభ్యులలో రైల్వేజీతముతో పిల్లలను చదివించుకొన్నవా రెందరో కలరు. అట్టివారు గిరిగారిని రాష్ట్రపతిగా గాక రైల్వే కార్మికుల నాయకునిగా స్మరింపవలయును. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచి 1928లో సమ్మె నడపినది ఆయనయే. తరువాత కేంద్రములో కార్మికమంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగుల జీతములగూర్చి న్యాయమండలి యిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చుట తనకు సమ్మతము గాక 1954లో పదవి విడిచిరి. పదవిని పట్టుకొన్నవారు పెక్కురు. మాటకై పదవిని విడిచినవారు కొందరే.

2024లో పాములపర్తి వేంకటనరసింహారావుగారికి ఈ పురస్కారము ప్రకటింపబడినప్పుడు తెలుగునేల యంతయు సంతసించినది. 1921లో నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో జన్మించి, వంగరలో పెరిగి, వందేమాతర ముద్యమమువలన ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టబడి, పరప్రాంతమున చదువు పూర్తిచేసినవారు. ముఖ్యమంత్రిగా నున్న 1971లో నల్లగొండజిల్లా సర్వేలునందు ఆశ్రమపాఠశాల స్థాపింపబడినది. పల్లెటూరి పేదపిల్లలలో తెలివిగలవారిని ఏరి యుచితముగా చదివించుట దాని యుద్దేశము. తరువాత కేంద్రమున విద్యాశాఖను వహించినప్పుడు నవోదయ విద్యాలయములు నెలకొనెను. 1991లో ప్రధానియగునప్పటికి దేశమువద్ద కొద్దివారముల దిగుమతులకు చాలినంత విదేశద్రవ్యము మాత్రమే మిగిలియుండెను. ఆ విపత్తునుండి ఆర్థికవ్యవస్థను త్రిప్పిన తీరు మీరెఱుగుదురు. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను సహస్రఫణ్ అను పేర హిందీ చేసినదియు ఆయనయే. 2004 డిసెంబరులో ఆయన మరణింపగా హుసేనుసాగరముయొక్క యొడ్డున దహనసంస్కారము జరిగినది. మనము నిత్యము దాటుచుండు ఆ నీటిదరినే ఆయన జ్ఞానభూమి యున్నది.

నరసింహారావుగారి విషయమున 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానము చేసినది గదా, అడిగినందువలననే గదా వచ్చినది, మనము మాత్ర మేల అడుగరాదని మన యువకు లడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. చరిత్రగ్రంథములలో మన కులమువారి పేళ్లు కానరావనియు, మన పిల్లలు తమ పెద్దలను తలచుకొని తల యెత్తుకొనుటకు ఒక గుర్తు కావలెననియు వారు పడు వేదన మాకు తెలియును. ఆ వేదనను మేము తేలికచేయము. కాని గమనింపుడు. అడిగినది శాసనసభ; అడుగుటకు ముందే ఆయన చేసిన పని దేశమునకు కంఠస్థమై యుండెను. అట్లయ్యును ఆయన పోయిన 20వ యేట గాని పురస్కారము రాలేదు.

ఆలస్యమను మాట వచ్చినది గనుక మరి రెండు మాటలు. సర్దారు వల్లభభాయిపటేలు 1950లో గతింపగా 1991లో ఈ గౌరవము లభించినది. మదనమోహన మాలవీయ పండితుడు 1946లో గతింపగా 2015లో లభించినది. డాక్టరు అంబేడ్కరును మన ఉస్మానియా విశ్వవిద్యాలయము 1953లోనే గౌరవపట్టముతో సత్కరించినది. దేశముమాత్రము ఆయన మరణించిన 34 ఏండ్లకు, 1990లో, భారతరత్న మొసంగినది. మంగలికులమున బుట్టి బీహారు ముఖ్యమంత్రియైన కర్పూరీ ఠాకూరు 1988లో గతించిరి. 2024లో గాని ఆయన వంతు రాలేదు. ఈ పెద్దలలో నెవ్వరి కీర్తియు పతకముకొఱకు వేచియుండలేదు. పతకమే వారికొఱకు ఆలస్యముగా వచ్చినది.

కృష్ణాజిల్లాలో జన్మించిన పింగళి వెంకయ్యగారి కింతవఱకు ఈ గౌరవము లేదు. 1921లో బెజవాడయందు ఆయన గాంధీమహాత్మునకు సమర్పించిన పతాకమునుండియే మన జాతీయపతాకము పరిణమించినది. 1963లో పేదవాడుగనే మరణించిరి. ఆయనకు భారతరత్న మీయవలెనని 2021లో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి వ్రాసిరి. ఈయకున్నను, ఆగస్టు పదునైదవనాడు ప్రతి పాఠశాలలోను పిల్లలు తలయెత్తి చూచునది ఆయన కృషియే.

ఇక మా మాటలలో ముఖ్యమైన దానికి వచ్చుచున్నాము. ఈ మహనీయులకు దేశ మిచ్చిన పతకము జీవితముయొక్క చివరనో, మరణానంతరమో వచ్చినది. జీవితముయొక్క మొదట వారికి ఎవ్వరేమిచ్చిరి?

రాధాకృష్ణపండితుడు బీదకుటుంబమున బుట్టి విద్యార్థివేతనములతో చదివిరి. తత్త్వశాస్త్రమునే యేల చదివిరనగా, ఆ శాస్త్రము చదివి ముగించిన దాయాది యొకడు తన పాతపుస్తకములను ఆయనకిచ్చెనట. క్రొత్తపుస్తకములు కొనలేనివాడు చేతికి వచ్చిన శాస్త్రమునే చేపట్టెను. విశ్వేశ్వరయ్యగారు చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, బెంగుళూరులో మేనమామ నాశ్రయించి, పిల్లలకు ఇంట చదువుచెప్పి పట్టభద్రులైరి. పిమ్మట మైసూరు ప్రభుత్వ మిచ్చిన విద్యార్థివేతనముతో పూనాలో యంత్రశాస్త్రము నభ్యసించిరి. అంబేడ్కరుగారికి బి.ఏ. చదువునకు బరోడా మహారాజు నెలకు 25 రూపాయ లిచ్చెను. 1913లో ఆయనను అమెరికాకు పంపినదియు బరోడా విద్యార్థివేతనమే.

1997లో ఈ గౌరవ మందిన అబ్దులుకలాముగారి సంగతి మన నగరమువారికి సుపరిచితము. 1982 మొదలు ఇచ్చటి రక్షణపరిశోధనాలయమునకు అధిపతియై క్షిపణులను నిర్మింపజేసిరి. ఆ క్షిపణికొఱకు కనిపెట్టిన తేలికద్రవ్యముతోనే పోలియోబాధితులైన పిల్లల కాళ్లకు ఊతకట్టులు చేయించిరి. 3 కిలోల బరువును ఈడ్చుకొని నడచిన పిల్లలు 300 గ్రాముల కట్టుతో పరుగెత్తిరి. ఆ కలాముగారు మదరాసులో యంత్రశాస్త్రవిద్యాలయమున చేరుటకు వేయిరూపాయలు కావలసివచ్చినప్పుడు ఇంట లేవు. ఆయన సోదరి తన బంగారుగాజులను, గొలుసును తాకట్టుపెట్టి పంపెను. ఈ మాట ఆయనయే తన ఆత్మకథలో వ్రాసికొనిరి.

సోదరులారా! ఒక దాయాది పాతపుస్తకములు, ఒక మేనమామ యిల్లు, నెలకు 25 రూపాయలు, ఒక సోదరి చేతిగాజులు. ఇవి లేకున్న ఆ రావియాకు పతకములు ఎవ్వరి కంఠమున వ్రేలాడెడివి? పతకమిచ్చుట రాష్ట్రపతి పని. మన చేతిలో నున్నది మొదటి సహాయము. అది బంధువులు చేయవలసినది, కులపెద్దలు చేయవలసినది, సంఘములు చేయవలసినది. దానికి ఎవ్వరి సిఫారసును అక్కరలేదు, ఢిల్లీకి పోనక్కరలేదు.

ఈ నగరములలోనే దీనికి దృష్టాంతము కలదు. హైదరాబాదు కొత్వాలు పదవి నలంకరించిన రాజబహద్దరు వేంకటరామరెడ్డిగారి పూనికతో 1918లో రెడ్డి వసతిగృహము వెలసినది. రాజబహద్దరు బిరుదమునకు నేడు విలువ యేమి? నిజాము రాజ్యమే లేదు. ఆ వసతిగృహమున తిని, పండుకొని, చదువుకొనిన పల్లెటూరి బాలురుమాత్రము న్యాయవాదులై, వైద్యులై, దేశసేవకులైరి. సురవరము ప్రతాపరెడ్డిగారి వంటి పండితులు దాని నిర్వహణమున శ్రమించిరి. తెలుగువిద్యార్థికి తావు దొరకుట దుర్లభమైన ఆ కాలమున ఆ యిల్లు చేసిన మేలు ఏ పతకము చేయగలదు?

మరియొక లెక్క వినుడు. 53 మందిలో స్త్రీలు ఎందరు? ఐదుగురు. ఇందిరాగాంధి 1971లో, మదరు తెరీసా 1980లో, అరుణా అసఫ్ఆలీ 1997లో, ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1998లో, లతా మంగేష్కరు 2001లో. నిబంధన లింగభేదమును పాటింపదని చెప్పినను 48 మంది పురుషులు, ఐదుగురు స్త్రీలు. ఇది పతకమిచ్చువారి దోషమే యని మేమనము. స్త్రీలు చేసిన గొప్ప పనులను లోకము చూడకుండుట యొక కారణము. బాలికలకు చదువు నందనీయకుండుట అంతకంటె పెద్ద కారణము. కలాముగారి సోదరి గాజులు తీసియిచ్చెను. ఆమెకు చదువుకై గాజులు తీసియిచ్చిన వారు లేరు. మన కులమునను ఇట్టి అక్క లెందరో గలరు. పదవతరగతియందు మంచి గుణములు తెచ్చుకొన్న పల్లెటూరి బాలికలు పట్టణమున తావులేక చదువు మాని పెండ్లిపీటలెక్కుట మనమందఱ మెఱిగినదే. ఆ కప్పులేని గోడలు వారివే.

కావున మేము మూడు సూచనలు చేయుచున్నాము.

మొదటిది: మన పెద్దగారికి గౌరవము కోరుటకు ముందు వారి జీవితచరిత్రను వ్రాయింపుడు. వారు స్థాపించిన పాఠశాల యే సంవత్సరమున స్థాపింపబడినది, ఎందరు చదివిరి, వారు వ్రాసిన యుత్తరములు ఎవరి పెట్టెలలో నున్నవి, వారిని చూచినవారిలో నెవరు జీవించియున్నారు అను సంగతులు నేడు చేర్పకున్న రేపు దొరకవు. కేవలము మా కులమువాడు గనుక ఈయుడని యడిగిన వినువా రుండరు. వారిచే బాగుపడిన యితరకులములవారు ముందుకు వచ్చి యడుగునట్లు ఆ చరిత్ర యుండవలయును. అట్టి గ్రంథమునకు కాగితము, ముద్రణ, ఒక విద్యావంతుని శ్రమ చాలును.

రెండవది: భారతరత్నమునకు దరఖాస్తు లేదుగాని పద్మపురస్కారములకు ఏ పౌరుడైనను ఎవ్వరి పేరునైనను, తన పేరునైనను, పంపవచ్చును. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తల్లి ఆసుపోయుచు చేయినొప్పితో బాధపడుట చూడలేక ఆసుయంత్రమును కనిపెట్టి, దానికి ఆమె పేరనే లక్ష్మి యని పేరిడిరి. ఒక్క పట్టుచీర నేయుటకు చేయి వేలసార్లు త్రిప్పవలసిన శ్రమనుండి నేతకుటుంబముల స్త్రీలకు విడుదల కలిగెను. ఖమ్మముజిల్లా దరిపల్లి రామయ్యగారు జీవితమంతయు విత్తనములు చల్లి, మొక్కలు నాటిరి. ఈ యిరువురకును 2017లో పద్మశ్రీ లభించినది. ఇట్టివారు మన యూళ్లలోను గలరు. మన కులమువారే కానక్కరలేదు. పొరుగు మంత్రసాని యైనను, బడిపంతులైనను, చెరువు కాపాడిన వానిని చూచి పేరు పంపుడు. పొరుగువాని గుణమును లోకమునకు చాటిన కులమునకు లోకమున గౌరవము తానై వచ్చును.

మూడవది: సంఘనిధిలోని ద్రవ్యమును బాలికల వసతిగృహపు కప్పునకు వెచ్చింపుడు. మొదటి తీర్మానమును త్రోసివేయుడని మేమనము. వ్యయమునుగూర్చిన భాగమును తొలగించి, జీవితచరిత్రను వ్రాయించు నిర్ణయమును చేర్చి అంగీకరింపుడని మాత్రము ప్రార్థించుచున్నాము. ఆ వసతిగృహమునకు మన పెద్దగారి పేరే యుంచుడు. బాలికలు ప్రతిదినము ఉచ్చరించెడి పేరు చిరకాలము నిలుచును.

మఱియొక సంగతి చెప్పి విరమింతుము. ఈ సికిందరాబాదులోని మహబూబు కళాశాలయందు 1893 ఫిబ్రవరి 13వ తేదీని ఒక యువసన్న్యాసి తన పాశ్చాత్యదేశయాత్రోద్దేశమునుగూర్చి ఉపన్యసించెను. అప్పటికి ఆయనకు లోకప్రసిద్ధి లేదు. చికాగో సర్వమతసభ ఆయనను ప్రపంచమునకు పరిచయము చేయుటకు ఇంక నేడునెలలు గలవు. అయినను మన యూరివారు కూడివచ్చి వివేకానందస్వామి పలుకులు వినిరి. లోకము గుర్తింపకముందే గుర్తించి ఆదరించుట యీ యూరికి క్రొత్తగాదు. ఇప్పుడు మన పల్లెలలో, పేటలలో, రైల్వే క్వార్టర్లలో, ఇంకను లోకమెఱుగని బాలబాలిక లెందరో దీపముక్రింద పుస్తకము పట్టుకొని యున్నారు. వారిలో నెవరు విశ్వేశ్వరయ్య యగుదురో, ఎవరు సుబ్బులక్ష్మి యగుదురో మన కెఱుకపడదు. ఎఱుకపడనందువలననే అందఱికిని తావు చూపవలసియున్నది.

రెండవ తీర్మానమును ముందుగా చర్చకు స్వీకరింపవలసినదిగా అధ్యక్షులవారిని వేడుకొనుచున్నాము.